గేటు పడకముందే

మా లింగమూర్తి గురువుగారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. వృత్తికి ఆయన దర్జీ. స్టేషను వెనక వీధిలో కుట్టు దుకాణం. గురువారం సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, మాలాంటి పదిమందిని చాప మీద కూర్చోబెట్టుకుని, తత్వాలు పాడించి, నాలుగు మంచిమాటలు చెబుతారు. కాషాయం కట్టరు, గడ్డం పెంచరు, కోపం వస్తే మొహమాటం లేకుండా తిడతారు. మనసు నిలవడం లేదు మొర్రో అని నేనొకసారి మొత్తుకుంటే మూడు రోజులు చొక్కాలకి కాజాలు కుట్టమన్నారు. మనసు సంగతి దేవుడెరుగు, వేళ్ళు మాత్రం తూట్లు పడ్డాయి.

ఆ గురువారం అడిగినవాడు దాలినాయుడు. గ్యాస్ ఏజెన్సీలో గుమాస్తా, నలభై అయిదేళ్ళవాడు, మంచివాడే. కానీ ఏ చోటా చివరిదాకా కూర్చోలేడు. సినిమాలో శుభం పడకముందే చీకట్లో జనం కాళ్ళు తొక్కుకుంటూ బయటపడతాడు. పెళ్ళిలో తాళి కట్టకముందే అక్షింతలు పక్కవాడి చేతిలో పోసి మొదటి బంతిలో విస్తరి ముందుంటాడు. మా సత్సంగంలో కూడా హారతి పళ్ళెం అతని దాకా వచ్చేసరికి అతను వీధి మలుపులో ఉంటాడు. అడిగితే ఒకటే మాట: "అందరితో పాటు లేస్తే రద్దీ అయిపోద్దండీ."

అలాంటివాడు ఆరోజు తల వంచుకుని, "గురువుగారూ, ఎక్కడ కూర్చున్నా సగంలోనే నా గుండె దడదడలాడుతుంది. లేవాలి, వెళ్ళిపోవాలి, ఆలస్యమైపోతోంది అని లోపల ఎవరో తరుముతున్నట్టుంటుంది. ఇదెప్పటికి తగ్గుతుంది?" అన్నాడు. అతని గొంతు విన్నాక మాకెవరికీ నవ్వు రాలేదు. గురువుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆదివారం మీ అమ్మాయి బంతాట ఉందటగా. నన్ను తీసుకెళ్ళు" అన్నారు. అంతే, ఆ పూటకి బోధ ముగిసింది.

దాలినాయుడికి ఒక్కతే కూతురు, కుసుమ. పదహారేళ్ళు. రైల్వే కాలనీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. తల్లి పోయి రెండేళ్ళయింది. ఆవిడ పోయిన రోజున దాలినాయుడు ఆసుపత్రిలోనే ఉన్నాడు గానీ మంచం పక్కన లేడు. మందుల కౌంటర్ దగ్గర జనం పెరగకముందే నిలబడదామని కిందికి దిగాడు. సంచీ పట్టుకుని పైకి వచ్చేసరికి నర్సు దుప్పటి సరిచేస్తోంది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పడు. ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇక మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆటస్థలం రైలు పట్టాలకి అవతల ఉంది, ఊరు ఇవతల. మధ్యలో ఒక్కటే గేటు. అయిదూ నలభై పాసింజరుకి గేటు వేశారంటే ఇరవై నిమిషాలు, వెనక గూడ్సు కూడా ఉంటే అరగంట. అందుకని ఒకప్పుడు తెలివైనవాళ్ళు ఆట ముగియడానికి అయిదు నిమిషాల ముందు లేచేవారు. వాళ్ళని చూసి అందరూ అయిదు నిమిషాల ముందు లేవడం మొదలుపెట్టారు. దాంతో తెలివైనవాళ్ళు పది నిమిషాలకి మారారు, తర్వాత పావుగంటకి. రద్దీ తప్పించుకుందామని లేచినవాళ్ళే రద్దీ అయి కూర్చున్నారు. టోర్నమెంటు కమిటీవాళ్ళు విసిగిపోయి శాలువాలూ ఉపన్యాసాలూ అన్నీ విరామంలోనే కానిచ్చేస్తున్నారు. కప్పు మాత్రం బల్ల మీద పెట్టి, ముఖ్య అతిథితో సహా వెళ్ళిపోతారు. గెలిచిన జట్టు వచ్చి తీసుకుంటుంది. ఇలాంటి ఊరు ఇంకోటి ఉందని నేను అనుకోను.

ఆదివారం ఫైనల్. గురువుగారి వెంట నేనూ వెళ్ళాను. దాలినాయుడు స్కూటరు ముందుచక్రం రోడ్డు వైపు తిప్పి, స్టాండ్ వేయీ వేయనట్టు నిలిపాడు. మేం మెట్ల మీద చివర్లో కూర్చోబోతే గురువుగారు వినలేదు. గోలు ఎదురుగా, మధ్య మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అక్కడినుంచి లేవాలంటే ఇరవైమందిని దాటాలి. దాలినాయుడి మొహం అప్పుడే వాడిపోయింది. మొదటి సగం ఎలాగో కూర్చున్నాడు. విరామంలో ఉపన్యాసాలయ్యాయి. రెండో సగం మొదలైన కాసేపటికి మా కాలనీ పిల్ల ఒకర్తి గోలు కొట్టింది. ఇక మా వాళ్ళకి కావలసినంత వంక దొరికింది. ఇంకేముంది గెలిచేశాం కదా అనుకుంటూ ఒక వరుస లేచింది, ఆ వెనకే ఇంకో వరుస.

దాలినాయుడు గడియారం చూసుకున్నాడు. స్కూటరు తాళం జేబులోంచి తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. మైదానంలో కూతురు బంతి పట్టుకున్నప్పుడు కూడా అతని చూపు గేటు వైపే ఉంది. చివరికి ఉండబట్టలేక, "గురువుగారూ, బయల్దేరదామా? గేటు పడిపోద్ది" అన్నాడు.

"నువ్వు వెళ్ళు. నేను మీ అమ్మాయితో వస్తాను."

ఆ మాటకి ఇంకొకడైతే కూర్చునేవాడు. దాలినాయుడు కూర్చుందామనే అనుకున్నాడని నా నమ్మకం, ఎందుకంటే సగం లేచి ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. ఇంతలో పక్క వరుస మొత్తం లేచింది. ఇక ఆగలేకపోయాడు. దూరంగా గోలు దగ్గరనుంచి కుసుమ మెట్ల వైపు చూసింది. అతను చెయ్యెత్తి, వెళుతున్నానని సైగ చేశాడు. ఆ పిల్ల సరేనని తలూపి మళ్ళీ ఆటవైపు తిరిగింది. ఎన్ని ఆటల్లో ఎన్నిసార్లు అలా తలూపిందో. పిల్లలు జట్టు ఆటోలో ఇంటికొస్తారు, అతను అందరికంటే ముందు ఇల్లు చేరి, అరుగు మీద కూర్చుని ఆమె కోసం వీధిలోకి చూస్తుంటాడు. రాగానే ఏమైందని అడుగుతాడు. ఆమె అన్నం తింటూ చెబుతుంది. ఫైనల్ దాకా వచ్చిన పిల్ల ఆడిన ఏ ఆటకీ అతను ముగింపు చూడలేదు.

నా గొప్ప కూడా చెప్పుకోవాలి కదా, నేనూ అతని వెనకే లేచాను. గురువుగారు మమ్మల్నిద్దర్నీ తిరిగి చూడను కూడా చూడలేదు.

తీరా వచ్చేసరికి గేటు పడే ఉంది. గూడ్సు బండి ముందే వచ్చి గేటుకి అడ్డంగా నిలిచిపోయింది, ఎటూ కదలదు. ముందు ఆటోలు, వెనక బళ్ళు, సందుల్లో మనుషులు. దాలినాయుడి స్కూటరు సరిగ్గా నడిమధ్యలో ఇరుక్కుంది. హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. ఆ గోలలో కూడా వెనక మైదానంలోంచి ఒక కేక వినిపించింది. తర్వాత ఏమీ లేదు. గోలు పడితే ఒక్క కేకతో ఆగదు, గెలిస్తే అసలే ఆగదు. ఆ నిశ్శబ్దం నాకే నచ్చలేదు, తండ్రికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

"ఏమైంది? ఏటైందండీ?" అని పక్కవాణ్ణి అడిగాడు. అతనేం చెబుతాడు, అతనూ ముందే వచ్చేసినవాడే. వెనకవాణ్ణి అడిగాడు. "మనం గెలిచేశాం కదా" అన్నాడతను గేటు మీంచి చూపు తిప్పకుండా. ఆట చూడ్డానికి వచ్చిన నాలుగొందలమంది అక్కడున్నారు, ఆటలో ఏం జరిగిందో తెలిసినవాడు ఒక్కడు లేడు.

కాసేపటికి బఠాణీలు అమ్మే ముసలాయన బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఆయన అందరికంటే ఆఖరున వచ్చే మనిషి. "గోలు దగ్గర పిల్ల పడిపోయిందండీ. స్తంభానికి తల కొట్టుకుంది. లేవటం లేదు" అన్నాడు.

"ఏ పిల్ల? చొక్కా ఏం రంగు?"

"పసుపుపచ్చ."

రెండు జట్లలోనూ కలిపి పసుపుపచ్చ చొక్కా కుసుమది ఒక్కటే. దాలినాయుడు స్కూటరు వెనక్కి తిప్పబోయాడు, తిరగలేదు. నా చేతిలో హ్యాండిల్ పెట్టి వదిలేశాడు. సరిగ్గా అప్పుడే గూడ్సు కదిలింది, గేటు లేచింది, జనమంతా ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. ఏళ్ళ తరబడి ఆ గేటు తెరిచి ఉండగా దాటాలనే పరుగెత్తిన మనిషి, అది తెరుచుకున్నవేళ దానికి వీపు పెట్టి జనానికి ఎదురీదాడు. "ఏటయ్యా, ఎదురొస్తన్నావు? కళ్ళు కనబడవా?" అని ఒకరు తిట్టారు. ఇంకొకరి సైకిలు పెడలు తగిలి మోకాలి దగ్గర పంచె చిరిగింది. "మా అమ్మాయండీ, మా అమ్మాయండీ" అంటూనే ఉన్నాడు. ఎవరికీ వినబడలేదు, వినబడినా ఎవరూ దారివ్వలేదు. ఆ నాలుగొందలమందిలో ప్రతివాడికీ ఇంటికి తొందరగా చేరాలి. వాళ్ళని ఎలా తప్పుబట్టగలడు, క్షణం కిందటిదాకా తానూ అందులో ఒకడే. దుప్పటి సరిచేస్తున్న ఆ నర్సు అతని కళ్ళ ముందు మెదిలిందని తర్వాత నాతో చెప్పాడు. ఆ ఒక్కసారే, మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

నేను స్కూటరు తోసుకుంటూ మైదానం చేరేసరికి మెట్లన్నీ ఖాళీ. వేరుశనగ తొక్కలు తప్ప ఇంకేం లేవు. గోలు స్తంభానికి ఆనుకుని కుసుమ కూర్చునుంది. నుదురు బొప్పికట్టి, కనుబొమ్మ మీద చిట్లింది. గురువుగారు తన కండువా తడిపి ఒత్తి పట్టుకున్నారు. చుట్టూ రెండు జట్ల పిల్లలూ ఉన్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర కప్పు పడుంది. దాలినాయుడు రెండు అడుగుల దూరంలో నిలబడి రొప్పుతున్నాడు. దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలనట్టు ఉన్నాడు.

ఆ పిల్ల తలెత్తి తండ్రిని చూసింది. చిరిగిన పంచె చూసింది. "గేటు ఎత్తలేదా నాన్నా, వెనక్కొచ్చేశావు?" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా అందుకే వచ్చాడనుకుంది.

అతను నేల మీద కూలబడి కూతురి పాదం పట్టుకున్నాడు. అక్కడున్న పిల్లలు ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ చెప్పుకొచ్చారు. ఆఖరి నిమిషంలో అవతలి జట్టుకి పెనాల్టీ ఇచ్చారట. కుసుమ ఎడంవైపు దూకి బంతిని బయటికి కొట్టిందట, ఆ ఊపులోనే తల స్తంభానికి తగిలిందట. రెండు నిమిషాలు కళ్ళు తెరవలేదట. లేచాక మొదట బంతి ఏమైందని అడిగిందట. గెలిచారు. ఆమె దూకినప్పుడు మెట్ల మీద ఉన్నది గురువుగారూ, బఠాణీల ముసలాయనా, ఇద్దరే. "రాత్రికి నీకు నేనే చెబుదామనుకున్నాను" అని కుసుమ కొంచెం నిరాశగా అంది.

అప్పుడు దాలినాయుడు ఏడ్చాడు. మగవాడు నలుగురిలో ఏడవడం మా ఊళ్ళో అరుదు, పిల్లలంతా అటు తిరిగి నిలబడ్డారు. కాసేపటికి మొహం తుడుచుకుని, పెద్దవాళ్ళ దగ్గర తప్పు ఒప్పుకునే కుర్రాడిలా గురువుగారి వైపు తిరిగాడు.

"ఇంటికి తొందరగా చేరదామనే కదండీ ఇదంతా" అన్నాడు.

గురువుగారు కండువా మడత మార్చి, చల్లటి వైపు పిల్ల నుదుటి మీద పెట్టారు.

"ఇంట్లో ఎవరున్నారని, నాయనా?"