దివానుగారి ఉంగరం

పూర్వం ఒక రాజ్యంలో షావుకార్ల లెక్కలన్నీ రాజుగారి పుస్తకంలోకి ఎక్కించమన్నారు. నాంచారమ్మ తన దగ్గర దాచుకున్న వరహాలు ముట్టాయి గనుక షావుకారు ‘వచ్చాయి’ అని రాసుకున్నాడు. దివాను ఆ మాటనే ఆమె పేరు కింద దింపి, వరహాలు ఆమెకే వచ్చినట్టు లెక్కగట్టి, బాకీ కట్టమన్నాడు. నిన్న ఇలాంటి తప్పు లెక్కకే ఆమె మరిది గంగులు ఎడ్లు వేలానికి పోయాయి.

“ఒక్కసారి తమ ఉంగరం ఇప్పించండి బాబూ,” అంది నాంచారమ్మ దివానుతో. ఇచ్చాడు.

“నాకు ఉంగరం వచ్చింది. ఈ మాటే తమ లెక్కలోకి దింపుకోండి.”

“నాకు వచ్చిందేమిటే, పోయింది!”

“తమ ఉంగరమైతే పోయినట్టూ, నా వరహాలైతే వచ్చినట్టూనా బాబూ?”

దివాను తలొంచుకుని ఇద్దరి లెక్కలూ దిద్దాడు.

“మరి ఎడ్లో?”

“కొన్నవాళ్లు పొలిమేర దాటించేశారమ్మా.”

నాంచారమ్మ ఉంగరం తిరిగిచ్చి ఇల్లు చేరింది. గంగులు ఖాళీ కొట్టం ఊడుస్తున్నాడు.

“ఈ మాటేదో నిన్ననే తోపించకపోయావా తండ్రీ,” అని దేవుడికి దణ్ణం పెట్టి, తనూ ఓ చీపురు అందుకుంది.