నూనె నేల వదలని కోటమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, బాట పక్కనే, కోటమ్మ అనే పందికొక్కు ఉండేది. చుట్టుపక్కలంతా బండరాళ్లే. బొరియ తవ్వుకోడానికి మెత్తటి మట్టి ఉన్నది ఆ ఒక్క చోటే. చలికాలం వస్తే పిల్లల్ని అక్కడే కనాలని దాని ఆశ.

ఒకరోజు బాట మీద డీజిలు లారీ బోల్తా పడింది. మనుషులు లారీని లేపుకుపోయారు. కోటమ్మ ఉండే మట్టిలోకి కారిన నూనెని మాత్రం అక్కడే వదిలేశారు. వాళ్ల సొమ్మేం పోయింది? గడ్డి మాడిపోయింది. ముక్కు పెట్టలేనంత కంపు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది పిల్లలూ. ఏది కంపు కొట్టినా బంకమట్టితో కప్పెట్టి, అందరూ కలిసి తొక్కి గట్టిచేస్తారు. కంటికి కనబడకపోతే లేనట్టే లెక్క. అడవికి పెద్ద అయిన పంది మామ వచ్చాడు.

"కోటమ్మా, పక్కకు జరుగు. రేపు దీన్ని కప్పెట్టేస్తున్నాం," అన్నాడు.

"మరి నేను పిల్లల్ని ఎక్కడ కనాలి మామా?"

"అది నీ తలనొప్పి," అని వెళ్లిపోయాడు.

కోటమ్మకు ఒళ్లు మండింది. కోపంకొద్దీ ఆ నూనె మట్టిని గోళ్లతో గీరింది. లోపలినుంచి సన్నటి గొంతులు గుంపుగా వినిపించాయి.

"హమ్మయ్య, కాస్త గాలి తగిలింది. మేం మట్టిలోని సూక్ష్మజీవులం. కంటికి కనబడం. ఈ నూనె మీకు విషం, మాకు తిండి."

"తిండైతే తినరేం?" అని కసిరింది కోటమ్మ.

"ఊపిరాడకపోతే ఏం తింటాం? మాకు గాలి కావాలి. తడి కావాలి. నూనెతోపాటు నంజుకోడానికి కాస్త పేడ కావాలి. మీరు కప్పెడితే మా నోరు కట్టేసినట్టే. నూనె ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది."

మర్నాడు పంది మామ మందతో దిగాడు. కోటమ్మ అడ్డంగా నిలబడింది. గుప్పెడంత ప్రాణి, దాని మొండితనం చూడండి.

"నేను జరగను మామా. మా అమ్మ నన్ను కన్నది ఈ మట్టిలోనే. ఈ కంపు నేనే పోగొడతాను. తొక్కాలంటే ముందు నన్ను తొక్కండి."

మంద వెనకాడింది. పంది మామ మూతి ముడుచుకున్నాడు.

"సరే, వానలు వెళ్లేదాకా ఆగుతా. అప్పటికీ కంపు ఉంటే నువ్విక్కడ ఉండవు."

కోటమ్మ తవ్వింది, తిరగేసింది. అడవిదున్న పేడ దొర్లించుకొచ్చి కలిపింది. "పేడతో నూనె కడుగుతోంది, దీనికి మతి పోయింది," అని నక్క నవ్వింది. "నవ్వుకో. నోరు నీది, చోటు నాది," అంది కోటమ్మ. వాన పడి మట్టి బిగుసుకున్నప్పుడల్లా మళ్లీ గుల్ల చేసింది. కాళ్లు పుండ్లయ్యాయి. ఎంత చేసినా కంపు తగ్గట్లేదని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తవ్వింది.

వానలు వెళ్లాయి. పంది మామ వచ్చి నేలకు మూతి ఆనించి వాసన చూశాడు. ఉత్త మట్టి వాసన. అక్కడక్కడా గరిక కూడా లేచింది.

"నూనె ఎక్కడ దాచావే?" అన్నాడు.

"దాచడం మీ ఆచారం మామా. మావాళ్లు తినేశారు," అని కోటమ్మ ఆయన మూతి ముందే బొరియ తవ్వడం మొదలుపెట్టింది.

నీతి: చెడును కప్పిపెడితే అది పోదు. దాన్ని పోగొట్టేవాళ్లు ఎంత చిన్నవాళ్లైనా, వాళ్లకు ఊపిరాడనివ్వాలి.