చెలమకి ఎగువన పైడమ్మ బండ

నేనెప్పుడూ ఏదీ రాయలేదు బుజ్జీ. అయిదో తరగతితోనే నా చదువైపోయింది. నీకు ఆటలమ్మ పోసింది కదా, తగ్గేదాకా నన్ను రావద్దన్నారు. అందుకని పడుకునే ముందు చెప్పే కథ కాగితం మీద పెట్టి పంపుతున్నా. మీ అమ్మ చదివి వినిపిస్తుంది. తప్పులుంటే నవ్వుకోండి.

అనగనగా ఒక వాగు. వాగు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో బట్టలుతికే ఆవిడ పైడమ్మ. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి ఎంత ఉతికినా పోని జీడిరసంతో అంచుకి ఇంటికో గుర్తు పెట్టేది. ఒకరికి చుక్క, ఒకరికి గీత, ఇంకొకరికి కొక్కెం.

పైడమ్మకి ఒక్కతే కూతురు, నూకాలు. వాగు అవతలి ఊరికి ఇచ్చింది. తొలిచూలు, నెలలు నిండుతున్నాయి. పురిటికి పుట్టింటికి రావాలి. పైడమ్మ మెత్తటి పాత చీర చింపి, పుట్టబోయే బిడ్డకి పొత్తిగుడ్డలు మడిచిపెట్టుకుంది.

అప్పుడు ఊళ్ళోకి వాంతులు, విరేచనాల జబ్బు వచ్చింది. తిరునాళ్ళకి వెళ్ళొచ్చిన ఒకాయన మొదట పడ్డాడు. ఆ తర్వాత పదిళ్ళు. ముగ్గురు లేవనేలేదు. గాలి సోకిందని అందరూ సాంబ్రాణి పొగ వేశారు. ఊరిపెద్ద సింహాద్రి నాయుడు ఊరికి కట్టు వేయించాడు. జబ్బు పోయేదాకా ఎవరూ రాకూడదు, ఎవరూ పోకూడదు.

"నా కూతురు బాబూ! నెలలు నిండిన పిల్ల!" అంది పైడమ్మ.

"జబ్బు పోనీవే. ఆ తర్వాత పల్లకీలో తెచ్చుకో," అన్నాడు నాయుడు.

సాయంత్రమైతే నూకాలు అవతలి గట్టు మీదికి వచ్చి నిలబడేది. పిలిస్తే వినపడదు. చెయ్యెత్తితే కనపడుతుంది. పొట్ట రోజురోజుకీ కిందికి జారుతోందని మాత్రం పైడమ్మకి ఇవతలినుంచే తెలిసేది.

ఈ జబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తే కదా పోయేది! పైడమ్మ మూటలు విప్పి, పడ్డవాళ్ళ పక్కబట్టల గుర్తులు చూసింది. అన్నీ తూర్పు వీధివే. ఒక్క కొక్కెం తప్ప. అది జబ్బుపడి అప్పుడే లేచిన పడమటి వీధి బంగారమ్మ మామ్మది.

"మామ్మగారూ, తూర్పు వీధికి ఎందుకెళ్ళారు?"

"నేనెందుకెళ్తానే? వాళ్ళు తాగే చెలమ నీళ్ళు తెప్పించుకుంటా. తియ్యగా ఉంటాయి. పప్పు కూడా వెన్నలా ఉడుకుతుంది. మా బావి నీళ్ళకైతే గులకరాళ్ళే!"

ఆ తర్వాత ఇంకో వింత చూసింది. తూర్పు వీధి నడిమధ్యనున్న ఒక ఇంటి గుర్తు ఆ మూటలో లేనే లేదు. ఆ ఇంట్లో బాలింత ఉంది. ఆమె కోసం కాచిన నీళ్ళే ఇంటిల్లిపాదీ తాగుతున్నారు.

అప్పుడు పైడమ్మ చెలమ దగ్గరికి వెళ్ళింది. వాగు ఇసకలో తవ్విన చిన్న గుంట అది. తలెత్తి ఎగువకి చూసింది. పదడుగుల దూరంలో తను బట్టలుతికే బండ! మామూలు బట్టల్ని బానలో ఉడకబెట్టేది. రోగి బట్టలు నలుగురి బట్టల్లో కలపకూడదని, వాటిని మాత్రం విడిగా ఆ బండ మీద జాడించేది. ఆ నీళ్ళే ఇసకలోంచి చెలమలోకి దిగుతున్నాయి.

చెబితే ఊళ్ళో ఉండనిస్తారా? వెళ్ళగొడితే నూకాలు ఏ పుట్టింటికి వస్తుంది? చెప్పకపోతే కట్టు తెగదు. ఆ సాయంత్రం నూకాలు గట్టు మీద నిలబడలేక కూలబడింది. పైడమ్మ సరాసరి నాయుడి అరుగు దగ్గరికి నడిచింది.

"బాబూ, గాలి కాదు. నా బండ," అని అంతా చెప్పింది.

"తరమండి దీన్ని!" అని అక్కడ చేరినవాళ్ళలో ఎవరో అరిచారు.

బంగారమ్మ మామ్మ కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చింది. "మీ గుడ్డలు మీరెప్పుడైనా ఉతుక్కున్నార్రా? అది చెప్పింది కాబట్టి తెలిసింది. లేకపోతే ఇంకా పొగే పీల్చేవాళ్ళం!"

నాయుడు తల దించుకున్నాడు. చెలమ పూడ్పించాడు. ఉతికిన నీళ్ళు వాగులో కలవకుండా చాకిరేవుని దూరంగా మార్పించాడు. ఇంటింటా నీళ్ళు కాచారు. పన్నెండు రోజులు పైడమ్మ కట్టే రోగి బట్టల మూటలో కొత్త గుర్తు పడలేదు. పదమూడో రోజు కట్టు తెంచారు.

ఆ సాయంత్రం నూకాలు వాగు దాటి వచ్చింది. చేతుల్లో పసిగుడ్డు.

"ఇది ఆగలేదే అమ్మా," అంది.

పైడమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. మర్నాడు పొద్దున్నే, దాచుకున్న పొత్తిగుడ్డలు తీసి, అందరి బట్టలకంటే ముందు వాటిని బానలో వేసి మంట పెట్టింది.

బాన పొంగింది, బాధ తగ్గింది,
కట్టు తెగింది, గట్టు దాటింది,
కథ కంచి దారి పట్టింది,
మా బుజ్జికి నిద్ర పట్టింది.