నీళ్లను అడిగిన మారెక్క

అనగా అనగా, మబ్బుకూ మట్టికీ మాటల్లేని కాలం ఒకటుండేది. ఆ కాలంలో నల్లగుండ్ల అనే ఊరుండేది.

నల్లగుండ్లలో వాన పడదని కాదు. పడేది. పడి, వాలు చూసుకుని వంకలోకి పోయేది. వంకలోంచి ఏట్లోకి పోయేది. ఏట్లోంచి ఎవరి ఊరికో పోయేది. జనం చూరు కింద నిలబడి "వచ్చింది, వచ్చింది" అనేవాళ్లు. కాసేపటికి "పోయింది, పోయింది" అనేవాళ్లు.

ఆ ఊళ్లో మారెక్క అని ఒకామె. మట్టిపని చేసేది. ఎవరింటికి గోడ లేపాలన్నా, ఎవరి బావిలో పూడిక తీయాలన్నా మారెక్కనే పిలిచేవాళ్లు. ఆమె మొగుడు సిద్దప్ప. గొంతు మంచిది, నడుము మంచిది కాదు. పాట పాడతాడు, బరువెత్తలేడు. ఇద్దరికీ కలిపి వాలు అడుగున ఒక చిన్న చేను. పైచేలలో రాళ్లన్నీ దొర్లుకుంటూ అందులోకే వచ్చేవి.

"మన చేలో కొర్రలకంటే రాళ్లే బాగా పండుతాయి మామా" అని నవ్వేది మారెక్క.

ఒక ఏడు కొర్ర ఏపుగా పెరిగింది. వెన్ను తీసింది. ఇంకొక్క తడి దొరికితే గింజ పట్టేది. ఆ తడి రాలేదు. వెన్నులన్నీ తాలుపోయాయి. అంతా ఎండినాక వాన వచ్చింది, కుండలతో పోసినట్టు. మారెక్క చేలో నిలబడి చూసింది. నీళ్లు ఆమె పాదాల మీదుగానే వంకకు పరుగెత్తాయి.

ఇంటికొచ్చి, "నా కాళ్ల మీదనుంచే పోయింది మామా. నిలబడి రెండు మాటలన్నా మాట్లాడలేదు" అంది.

"ఎవరు?"

"వాన."

"నిలబడేదానికి దానికి చోటు యాడుంది మారీ?" అన్నాడు సిద్దప్ప.

ఊరికే అన్నాడు. ఆమె మాత్రం ఆ మాటను కొంగున కట్టుకుంది.

మరునాటి నుంచి పగలంతా ఊరి మట్టి తవ్వేది, పొద్దు వాలాక తన మట్టి తవ్వేది. తవ్వేది, తట్టకెత్తేది, కట్ట పోసేది. సిద్దప్ప కట్ట మీద కూర్చుని పాడేవాడు. పాట ఆగితే పార ఆగేది.

పైచేను బసన్నది. ఎద్దులను తోలుకుపోతూ తొంగి చూశాడు.

"మారెక్కా, ఉండేదే దోసెడు చేను. అందులో గొయ్యి తవ్వుతాండావు, సిద్దప్ప కోసమా?"

"ఆయనకైతే ఇంత వెడల్పు ఎందుకన్నా? మనిషి సన్నమే కదా" అంది మారెక్క. కట్ట మీద సిద్దప్ప పగలబడి నవ్వాడు.

గుంట తయారైంది. వాన వచ్చింది. గుంట నిండింది. తెల్లారి చూస్తే చుక్క లేదు. ఎర్రమట్టి అంతా తాగేసింది.

మారెక్క గుంట ఒడ్డున కూలబడింది. ఆరోజు ఆమె నవ్వలేదు. మూడోనాడు లేచి, వంక ఒడ్డు నుంచి బంకమన్ను మోసుకొచ్చింది. గుంట అడుగంతా పరిచింది. తడిపింది. తొక్కడానికి రెండు కాళ్లు చాలవు గదా, అటుగా పోతున్న గొర్రెలకాపరిని పిలిచి, "అన్నా, నీ మందను ఈ పూట నా గుంటలో తోలు" అంది. గొర్రెలు ఆ బంకమన్నును తొక్కితొక్కి రోటిలో పిండిలా చేశాయి. చూడటానికి ఊరంతా వచ్చింది.

"చెరువు తవ్వి గొర్రెలతో నింపింది మా మారెక్క" అన్నాడు బసన్న. చాన్నాళ్లు ఊళ్లో అదే మాట.

కడవతో దిగడానికి చేలోని రాళ్లనే పేర్చి మూడు మెట్లు కట్టుకుంది. పై మెట్టు, నడిమి మెట్టు, కింది మెట్టు.

ఈసారి వాన పడితే నీళ్లు నిలిచాయి. కింది మెట్టు దాకా వచ్చి ఆగాయి. అప్పుడు సిద్దప్ప నోరు విప్పాడు.

అతనికి ఒక కోరిక ఉండేది. చిన్నప్పుడు ఎవరి పెళ్లిలోనో ఒక్కసారి వరి బువ్వ తిన్నాడు. మళ్లీ తినలేదు. ఆ రుచి మరవనూ లేదు.

"మారీ, నీళ్లున్నాయి గదా. వరి వేద్దామా?"

"నీళ్లను అడిగొస్తా, ఉండు మామా."

పోయింది. నీళ్లు తాకిన మెట్టు మీద కూర్చుంది. పాదాలు నీళ్లలో పెట్టింది. చాలాసేపటికి తిరిగొచ్చింది.

"ఉలవలు, కొర్రలు వేసుకోమంటాండాయి."

సిద్దప్ప గొణిగాడు, కానీ విత్తాడు. నడుమ బెట్ట వచ్చినప్పుడు మారెక్క కడవతో నీళ్లు మోసి సాలు సాలుకూ పోసింది. ఆ ఏడు ఊళ్లో అందరి కొర్రా తాలుపోయింది. మారెక్క కొర్ర మాత్రం తల వంచింది. కంకి బరువుకు వంచింది.

అది చూసి బసన్న నవ్వడం మానేసి పార పట్టాడు. అతని వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. వేసవి దాటేసరికి చేనుకో గుంట.

రెండో ఏడు తొలకరి బాగా పడింది. గుంటలన్నీ సగానికి నిండాయి. ఊరికి సంబరమొచ్చింది. అందరూ వరి నారు పోశారు. సిద్దప్ప ఇంట్లో కాలు నిలవలేదు.

"ఊరంతా వరి బువ్వ తింటుంటే మనం వాసన చూస్తూ కూర్చోవాల్నా మారీ?"

"నీళ్లను అడిగొస్తా, ఉండు మామా."

పోయింది. నీళ్లు తాకిన మెట్టు మీద కూర్చుంది. తిరిగొచ్చింది.

"నడిమి మెట్టు దగ్గరే ఆగినాయి. కొర్రలు, జొన్నలు వేసుకోమంటాండాయి. వరి ఊసే ఎత్తొద్దంటాండాయి."

సిద్దప్ప రెండు పూటలు పాడలేదు.

తర్వాత వాన మొహం చాటేసింది. వరి పొద్దున తాగింది, మధ్యాహ్నం తాగింది, పొద్దుగూకితే మళ్లీ తాగింది. ఊరి గుంటలన్నీ అడుగంటాయి. మళ్లలో వరి నిలువునా ఎండింది. మారెక్క చేలో కొర్ర కోతకొచ్చింది. జొన్న ఇంకా పొట్ట మీదుంది, కంకి తీయడానికి ఒక్క తడి కోసం చూస్తోంది. ఊరి మొత్తానికి నీళ్లున్నది ఆమె గుంటలోనే, అదీ కింది మెట్టుకు కాస్త కింద.

ఒకరోజు బసన్న ఎద్దులను తోలుకుని ఆ దారిన పోతున్నాడు. వాటి డొక్కలు లోపలికి పోయాయి. నాలుకలు బయటికొచ్చాయి.

"యాడికన్నా?" అంది మారెక్క.

"సంతకు. అమ్మేస్తాను. నా కళ్లముందు చావడం కంటే అదే మేలు." గుంటవైపు చూడకుండా చెప్పాడు. ఎద్దులు మాత్రం అటే చూశాయి.

మారెక్క ఎద్దులను చూసింది. జొన్నను చూసింది. నీళ్లు ఒకరికి సరిపోతాయి, ఇద్దరికీ చాలవు.

"నీళ్లను అడిగొస్తా" అని కదలబోయింది.

సిద్దప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి అడగొద్దు మారీ. గింజ పట్టకపోతే చొప్పన్నా మిగుల్తది. ఎద్దు పోతే వచ్చే ఏడు ఊళ్లో అరక కట్టేదెవరు?"

ఎప్పుడూ బువ్వ గురించి మాట్లాడే మనిషి అంత మాట అన్నాడు. మారెక్క అతన్ని కొత్తగా చూసింది. తర్వాత బసన్న చేతిలోంచి పగ్గం తీసుకుని ఎద్దులను గుంట దగ్గరికి తానే నడిపించింది.

ఆ రోజు బసన్న ఎద్దులు తాగాయి. తర్వాత ఊరి పశువులన్నీ వంతులేసుకుని తాగాయి. జొన్న గింజ పట్టలేదు. చొప్ప అయింది, ఆ చొప్పే వాటిని బతికించింది. మారెక్క కొర్రల్లో సగం తిండికి ఉంచి, మిగతా సగం ఇంటికింత విత్తనంగా పంచింది.

మూడో ఏడు విత్తే ముందు బసన్న వచ్చాడు. "అక్కా, ఈసారి నా కోసమూ నీళ్లను అడిగి చెప్పు."

"నీ గుంటకు నోరు లేదా అన్నా? మూడు మెట్లు కట్టుకో. అదే చెప్తుంది."

చేను చేనుకూ మెట్లు లేచాయి. ఆ ఏడు వాన మూడు రోజులు కదలకుండా కూర్చుని పడింది. సిద్దప్ప వరి మాట ఎత్తలేదు. మారెక్కే పోయింది, పై మెట్టు మీద కూర్చుంది, తిరిగొచ్చింది.

"మామా, నారు పోసుకో."

చేనంతా కాదు. చేనంతా కొర్ర, జొన్న, కంది. గుంట కట్ట కింద మాత్రం మంచమంత మడి. సిద్దప్ప ఆ మడికి రోజుకో పాట పాడాడు. పంట వచ్చింది, దంచారు, వండారు. మొదటి ముద్ద బసన్నకు పెట్టి సిద్దప్ప తాను తిన్నాడు. కళ్లు మూసుకుని తిన్నాడు.

"ఎట్లుంది?" అంది మారెక్క.

"మల్లెపూలు తిన్నట్టుంది" అన్నాడు. వేళ్లు నాకి, "కడుపు నిండలా. కొర్ర బువ్వ ఉందా?" అన్నాడు. మారెక్క నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది.

అట్లా చాలా ఏళ్లు గడిచాయి. మారెక్క ముసలిదైంది. ఒక ఎండాకాలం, పార గోడకు ఆనించి, నిద్రలోనే కన్ను మూసింది. ఊరు ఊరంతా వచ్చి మట్టి వేసింది.

తొలకరి పడింది. ఏమి విత్తాలో తేల్చుకోలేక బసన్న మారెక్క గుంట దగ్గరికి వెళ్లాడు. సిద్దప్ప కట్ట మీద ఒక్కడే కూర్చున్నాడు, పాట లేకుండా.

"నీళ్లు ఏమంటాండాయి సిద్దప్పా?"

సిద్దప్ప నీళ్లవైపు చూశాడు. "మారెక్క నడిమి మెట్టు మీద కూర్చుందన్నా. కొర్రలు, జొన్నలు వేసుకోమంటాంది."

బసన్న ఆ మాట ఊళ్లో చెప్పాడు. ఊరు కొర్రలు, జొన్నలు వేసింది. పండింది.

అప్పటి నుంచి ఆ మెట్టచేలలో ఏమి విత్తాలని ఎవరూ అడగరు. తొలకరి వాన వెలిసాక పైచేనాయన కిందిచేనాయనను గట్టు మీదనుంచి కేకేస్తాడు: "మారెక్క ఏ మెట్టు మీద కూర్చుంది?" కింది మెట్టంటే ఉలవ, కొర్ర మూటలు విప్పుతారు. నడిమి మెట్టంటే కొర్ర, జొన్న. పై మెట్టంటే మాత్రం ముందు ఒక పాట పాడతారు. పాడి, మంచమంత మడి దున్ని, వరి నారు పోస్తారు.