స్తంభానికి కట్టిన కారు తలుపు

గవర్రాజు ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఊరివాళ్లకి చాలకపోవడానికి కారణం, ఉన్నదంతా తమ ఇంట్లోనే ఉండిపోవడమని ఆయన గట్టి నమ్మకం.

ఆ రోజు పదింటికి కూతురు రత్నమాలకి టౌన్లో నర్సింగు పరీక్ష. తప్పితే ఏడాది పోతుంది. బస్సులో పోతానంది పిల్ల. ఇంట్లో కారుండగా బస్సేమిటని ఆయన పరువు ఒప్పుకోలేదు.

కారు కారే, కాకపోతే తలుపొకటి వేలాడుతోంది. మెకానిక్ మస్తాన్‌కి ఫోను చేస్తే, తాడుతో కదలకుండా గట్టిగా కట్టెయ్యమన్నాడు. ఇంట్లో అస్సలు కదలనిది అరుగు మీది స్తంభం. తమ్ముడు సూరిబాబు తలుపుని దానికే బిగించాడు. ఇంకేముంది, కారు కదిలింది, తలుపు కదల్లేదు. కట్టంటే అదీ అని గవర్రాజు తమ్ముణ్ణి మెచ్చుకున్నాడు.

ఊరు దాటగానే ఇంజను పొగలు కక్కింది. మళ్లీ ఫోను. పైన తడిగుడ్డ కప్పమన్నాడు మస్తాన్. తడి దుప్పటి ముందు అద్దం కూడా మూసుకుపోయేలా పరిచారు. తీసి నడపమని అతను చెప్పలేదు మరి. అంతే, గవర్రాజు దుప్పటి మీది పువ్వులు చూసుకుంటూ కారుని తిన్నగా బురదలో దింపాడు.

మూడో ఫోను. బరువు తగ్గించి తోస్తే లేస్తుందన్నాడు. స్టెప్నీ దించారు. జాకీ దించారు. ఆఖరికి వెనక సీటు ఊడబీకి, దాని మీద కూర్చున్న రత్నమాలతో సహా రోడ్డు పక్కన పెట్టారు. కారు లేచింది.

"మరి నేను, నాన్నా?"

"నువ్వెక్కితే మళ్లీ బరువమ్మా. ఇక్కడే ఉండు. ముందు మమ్మల్ని పరీక్ష టైముకి చేరుకోనీ, తర్వాత వచ్చి తీసుకెళ్తాం."

తొమ్మిదీ యాభైకల్లా అన్నదమ్ములు హాలు గేటు ముందున్నారు. టైముకి వచ్చేశామని మీసం దువ్వుకుంటుండగా షేర్ ఆటోలోంచి రత్నమాల దిగింది. గవర్రాజుకి ఒళ్లు మండింది. అక్కడే ఉండమంటే వినదేం? ఆ పిల్ల తండ్రికో దండం పెట్టి లోపలికి పరిగెత్తింది.

ఇచ్చిన మాట ఇచ్చినట్టే. ఇద్దరూ వెనక్కి వెళ్లారు.

సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ రత్నమాల చూసింది. రోడ్డు పక్కన అదే సీటు మీద నాన్న, బాబాయి. కిటికీలోంచి పిలిచింది, పరీక్ష బాగా రాశాను, ఇంటికి రండని.

గవర్రాజు కదల్లేదు. "నువ్వు పదమ్మా. మా అమ్మాయిని ఇక్కడే ఉండమన్నాం. వచ్చేసరికి మేం లేకపోతే బెంగపడుతుంది."