పీట మీద నుంచి లేచిన శరభవర్మ

ఎప్పుడో, మన తాతలకు తాతలైనా పుట్టని కాలంలో, సముద్రపు ఒడ్డున రేవుకోట అనే రాజ్యాన్ని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు శరభవర్మ, చిన్నవాడు గుణవర్మ. పెద్దవాడికి రాజు కావాలని ఎంత ఆశో! చిన్నప్పుడు తలగడ మీద కూర్చుని, నెత్తిన ఇత్తడి గిన్నె బోర్లించుకుని తమ్ముడికి తీర్పులు చెప్పేవాడు. పెద్దయ్యాక గిన్నె పోయింది గానీ ఆశ పోలేదు. ఊరివాళ్లకీ అతనంటే ప్రాణమే.

రేవుకోటలో పట్టాభిషేకానికి ఒక ఆచారం ఉండేది. కాబోయే రాజు పొద్దున్నే వచ్చి పనసచెక్క పీట మీద కూర్చోవాలి. అతను లేచేదాకా సభలో ఇంకెవరూ లేవకూడదు. కిరీటం పెట్టకముందే అతను లేచాడా, పొద్దు గుంకేలోగా తిరిగొచ్చి కూర్చోవాలి. రాలేదంటే ఇక ఆ జన్మకి రాజరికం లేదు.

ఈ సంగతి ఏడు సముద్రాల అవతల ఉన్న ధూమ్రకేశుడనే మాయలవాడికి బాగా తెలుసు. ప్రతి పట్టాభిషేకానికీ వాడు పొగలా వచ్చి, హారతి పట్టే పిల్లని ఎత్తుకుపోయేవాడు. ఎవరు అడ్డం వస్తారు? జనం లేవాలంటే ముందు రాజు లేవాలి. లేస్తే కిరీటం పోతుందని రాజుకి భయం. ముత్తాత లేవలేదు. తాత లేవలేదు. తండ్రీ లేవలేదు. "దేవతలు తీసుకుపోయారులే" అని ఊరంతా సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకోనిది సూరమ్మ ఒక్కతే. శరభవర్మ తండ్రి పట్టాభిషేకంలో పోయిన పిల్ల పోలి, ఆవిడ కూతురు. సూరమ్మ రోజూ కోట గుమ్మం ముందు నిలబడి "ఓ పోలీ!" అని ఒక్క కేక వేసి ఇంటికి పోయేది. శరభవర్మ ఆ కేక వింటూనే పెరిగాడు.

అతని పట్టాభిషేకం రోజు వచ్చింది. గానుగవాళ్ల అమ్మాయి కుందన హారతి పట్టుకుని నిలబడింది. ఈసారి ఏమీ కాదులే అని అందరిలాగే శరభవర్మా అనుకున్నాడు. పురోహితుడు కిరీటం పైకెత్తాడో లేదో, నల్లటి పొగ వచ్చి కుందనని చుట్టేసింది.

"కాపాడండయ్యా!" అని అరిచింది కుందన.

"యువరాజా, కదలకండి! కిరీటం వచ్చేస్తోంది, ఒక్క క్షణం!" అన్నాడు మంత్రి కంగారుగా.

శరభవర్మ లేచాడు. అతనితో పాటు సభంతా లేచింది. అప్పటికే పొగ సముద్రం మీదికి పోయింది. అతను బురుజు మీదికి పరిగెత్తాడు. అక్కడొక ముసలి రాబందు కాపురం ఉంటోంది.

"ఎక్కు నాయనా," అంది రాబందు. "చిన్నప్పుడు నీ పళ్లెంలో మాంసం ముక్కలన్నీ నాకే విసిరేవాడివి. నేను కాక ఇంకెవరు మోస్తారు నిన్ను?"

ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం మీద రాబందు కాస్త తూలింది. నేతి సముద్రం దాటారు. పెరుగు సముద్రం దగ్గర "ఒక్క గుక్క తాగి వస్తా" అని రాబందు అంటే శరభవర్మ ఒప్పుకోలేదు. పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం కూడా దాటి మధ్యాహ్నానికి మాయలవాడి దీవిలో దిగారు. వాడు కడుపునిండా తిని గుర్రు పెడుతున్నాడు. కుందన స్తంభానికి కట్టేసి ఉంది. పక్కన ముగ్గురు పిల్లలు, హారతి పళ్లేలతో సహా రాళ్లై నిలబడి ఉన్నారు. పంజరంలో ఒక చిలక. దాని తోకలో మూడు ఎర్రటి ఈకలు.

శరభవర్మ కుందన కట్లు కోసి, పంజరం తెరిచి చిలకని పట్టుకున్నాడు.

"బాబూ, వీడి ప్రాణం నాలో ఉంది," అంది చిలక. "నా మెడ విరిచేస్తే వీడు ఇప్పుడే చస్తాడు. నువ్వు ఈ అమ్మాయిని తీసుకుని పొద్దుండగానే ఇల్లు చేరతావు. కానీ ఆ పిల్లలు రాళ్లుగానే ఉండిపోతారు. వాళ్లు లేవాలంటే ఒక్కొక్కరిని ఒక్కో ఎర్ర ఈకతో పాదం నుంచి తల దాకా నెమ్మదిగా నిమరాలి. తొందరపడ్డావా, రాయి పగులుతుంది. ఒక్కో ఈక పని పూర్తయ్యేకొద్దీ వీడి ప్రాణమూ తరుగుతుంది."

అంతలో ధూమ్రకేశుడు లేచాడు. చిలక పరాయివాడి చేతిలో ఉండేసరికి దగ్గరికి రావడానికి వాడికి ధైర్యం చాలలేదు. పళ్లికిలించాడు.

"రాజు కావలసినవాడివి, నీకెందుకయ్యా ఈ గొడవ? చిలకని వదిలేయ్. పొద్దు గుంకేలోగా నిన్ను పీట మీద దింపుతా."

రాజు కావాలనుకునేవాడు దేన్నైనా వదులుకుంటాడని వాడి నమ్మకం. ఇన్ని తరాలు వాడు బతికింది ఆ నమ్మకం మీదే.

"సరే, కానీ పీట ఖాళీగా ఉందో లేదో చూసి రా. మా తమ్ముడు కూర్చుని ఉంటే నేను వెళ్లి ఏం లాభం?" అన్నాడు శరభవర్మ.

వాడు ఎగిరిపోయాడు. శరభవర్మ మొదటి ఈక పీకి, ముత్తాత కాలంనాటి పిల్లని నిమిరాడు. ఆ పిల్ల కళ్లు తెరిచి తుమ్మింది. "ష్! రాయిలాగే నిలబడు తల్లీ!" అన్నాడు.

మాయలవాడు తిరిగొచ్చాడు. వాడి జుట్టు సగం నెరిసిపోయింది. "పీట ఖాళీయే! పద!"

"మా నాన్న కోపంగా ఉన్నాడేమో చూసి రా."

వాడు మళ్లీ పోయాడు. రెండో పిల్ల లేచింది. ఈసారి వాడు నడుం వంగిపోయి, దగ్గుతూ వచ్చాడు. తిరుగుడెక్కువై అలసిపోయానని అనుకున్నాడు వెర్రివాడు.

"కోపం లేదు, ఏడుస్తున్నాడు. పొద్దు వాలిపోయిందయ్యా! కుందనని కూడా తెచ్చుకో. ఇప్పుడు బయల్దేరితేనే అందుకుంటాం!"

శరభవర్మ సముద్రం వైపు చూశాడు. ఎన్నేళ్ల ఆశ! మాయలవాడు నిజమే చెబుతున్నాడు, ఇప్పుడు వెళితే తను రాజవుతాడు. ఇంకా రాయిగా మిగిలింది ఒక్క పిల్లే. ఆ పిల్ల పోలి.

"పీట పక్కన దీపం వెలుగుతోందో లేదో చూసి రా," అన్నాడు.

వాడు తిట్టుకుంటూ ఎగిరాడు. శరభవర్మ మూడో ఈకతో పోలి పాదాలు నిమరడం మొదలుపెట్టాడు. మోకాళ్లు దాటేసరికి పొద్దు నీళ్లలో మునిగింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా చెయ్యి తొందరపడలేదు. ఈక నుదుటిని తాకగానే పోలి "అమ్మా!" అంది. అదే క్షణాన దూరంగా ధూమ్రకేశుడు చప్పుడు లేకుండా కల్లు సముద్రంలో పడిపోయాడు.

పొద్దు పొడిచాక రాబందు అందరినీ మోసుకుంటూ, మూలుగుతూ రేవుకోటలో దిగింది. అప్పటికే పెద్దలు గుణవర్మని బతిమాలి పీట మీద కూర్చోబెట్టి, కిరీటం పెట్టేశారు. అతను అన్నని చూడగానే కిరీటం తీయబోయాడు. "తీయకురా. తెలిసే లేచాను. మనసారా ఏలుకో," అని శరభవర్మ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

సూరమ్మ వచ్చింది. ఆవిడ జుట్టంతా తెల్లబడింది, పోలి మాత్రం పోయిన రోజు ఎంత ఉందో అంతే ఉంది. పిల్ల గుర్తుపట్టక వెనక్కి జరిగింది. "ఓ పోలీ!" అని సూరమ్మ ఒక్క కేక వేసింది. ఆ గొంతు వినగానే పిల్ల పరిగెత్తి ఆవిడ చీర కుచ్చిళ్లలో తల దాచుకుంది.

ముసలి రాజు అది చూడలేకపోయాడు. "నేను కూర్చుండిపోయాను నాయనా," అని కొడుకు భుజం మీద తల ఆనించి ఏడ్చాడు. "కిరీటం దక్కింది. నిద్ర దక్కలేదు."

దిక్కులేని మిగతా ఇద్దరు పిల్లల్నీ రాణిగారు పెంచుకున్నారు. శరభవర్మ కుందనని పెళ్లాడాడు. గుణవర్మ అన్నని అడిగి అడిగి చాలాకాలం చల్లగా ఏలాడు. కష్టం వచ్చినవాళ్లు మాత్రం కోటకి పోయేముందు శరభవర్మ గడప తొక్కేవాళ్లు.

ఒకరోజు అతని కూతురు అడిగింది: "నాన్నా, రాజువి కాలేదని నీకు బాధగా లేదా?"

"ఎందుకు లేదమ్మా, ఉంది. రాజునైతే ఎంత బాగుండేదో అని చాలాసార్లు అనిపించింది," అన్నాడు శరభవర్మ. పాపని ఒళ్లోకి తీసుకున్నాడు. "లేవకుండా ఉంటే బాగుండేదని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు."

కథ అయిపోయింది. వాళ్లు వాళ్ల కోటలో చల్లగా, మనం మన చాప మీద చల్లగా.