అరువు మ్యాట్లు

రాళ్ళపేట సముద్రపు ఒడ్డున ఆడపిల్లలకు కబడ్డీ నేర్పే అప్పలకొండ మాస్టారికి ఒక లోపం ఉండేది: తమ దగ్గర ఫలానాది లేదని చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. బూట్లున్నాయా అని ఎవరైనా అడిగితే "ఓ, బోలెడు!" అనేవాడు. పిల్లలు మాత్రం వట్టి కాళ్ళతో తడి ఇసుకలో ఆడేవారు.

ఇసుకలో వాళ్ళకు ఎదురులేదు. కానీ జిల్లా పోటీలు మ్యాట్ల మీద జరిగేవి. అక్కడ కాళ్ళు జారి, రెండేళ్ళుగా మొదటి ఆటలోనే ఇంటిముఖం పట్టారు. జట్టు నాయకురాలు నూకరత్నం పదో తరగతి చదువుతోంది. ఆమెకు ఇదే ఆఖరి ఏడు.

అప్పుడే దగ్గర్లోని ఓడరేవు కంపెనీ, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల ఆటలకు సాయం చేస్తామని ప్రకటించింది. మాస్టారు దరఖాస్తు పెట్టాడు. చూడటానికి సుభాషిణి అనే అధికారిణి వస్తోందని కబురొచ్చింది. ఇంకేముంది, మాస్టారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. చుట్టాలొస్తే పక్కింటి కుర్చీలు తెచ్చి వేస్తాం చూడండి, అలాగే పట్నం కాలేజీవాళ్ళను బతిమాలి ఒక్కరోజుకి మ్యాట్లూ బూట్లూ తెచ్చి, తుఫాను షెల్టరు హాల్లో సర్దేశాడు.

"మాస్టారండీ, మనవి కానివి సూపిత్తే ఆవిడేటనుకుంటాదండీ?" అంది నూకరత్నం.

"నువ్వూరుకో! ఊరి పరువు తీస్తావా?" అని కసిరాడు.

సుభాషిణి వచ్చింది. వదులు బూట్లలో పిల్లలు తడబడుతూ ఆడటం చూసింది. "హాలు, మ్యాట్లు, బూట్లు... మీకు అన్నీ ఉన్నాయి మాస్టారూ, సంతోషం. ఈ సాయం ఏమీ లేని ఊరికి ఇద్దాం" అని ఫైలు మూసి లేచింది.

ఆమె బయట ఆపిన జీపు వైపు నడుస్తుంటే మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు. నోరు మెదపకపోతే పరువు నిలుస్తుంది. కానీ మూలన కూర్చుని బూట్లు విప్పుతున్న నూకరత్నం కళ్ళు తుడుచుకుంటోంది. 'ఛీ, ఈ పిల్ల ఏడుపు కంటే నా పరువు ఎక్కువా?' అనుకుని జీపు దాకా పరుగెత్తాడు.

"ఆగండమ్మా! అవేవీ మావి కావు. సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి. మాకు ఇసుక తప్ప ఏమీ లేదు."

సుభాషిణి ముఖం చిట్లించింది. "ఈ మాట ముందే చెప్పకూడదూ? ఏదీ, ఆ ఇసుకే చూపించండి."

ఒడ్డున మడమతో గీత గీశారు. నూకరత్నం కూతకు వెళ్ళింది. ముగ్గురిని ముట్టుకుంది. నాలుగో పిల్ల కాలు పట్టుకుంటే ఆ పిల్లను ఈడ్చుకుంటూనే గీత దాటింది. సుభాషిణి కోపం మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

వారం తిరక్కుండా కంపెనీవాళ్ళ మ్యాట్లు, కాలికి సరిపోయే బూట్లు వచ్చాయి. పిల్లలు నెల రోజులు పొద్దున్నా సాయంత్రం వాటి మీదే ఆడారు. జిల్లా ఫైనల్లో ఆఖరి కూతకు నూకరత్నమే వెళ్ళింది, ఇద్దరిని తాకి తిరిగొచ్చింది. రాళ్ళపేట గెలిచింది! చేపల లారీలో వచ్చిన ఊరంతా డప్పులు కొట్టి చిందులేసింది. మాస్టారైతే అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

చూశారుగా పిల్లలూ, గొప్ప కోసం లేమిని దాచుకుంటే మనకు రావలసిన సాయం కూడా వెనక్కి వెళ్ళిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.